నలభై బారల తోరణం

లెస్కోవా గుట్ట,
1974 జనవరి 13

అక్కా,

యేసుకు స్తోత్రం. ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు మీ మఠం మదర్ గారు చదువుతారు కాబట్టి ఆవిడకు కూడా నా నమస్కారాలు.

నాకు పెళ్ళి కుదిరింది. మే పద్దెనిమిది, శనివారం. నిన్ను రమ్మని పిలవడం లేదు. అమ్మ పోయినప్పుడే ఆ మఠం గడప దాటనివ్వలేదు, నా పెళ్ళికి దాటనిస్తారా? అందుకే పిలుపు మానేసి పని చెబుతున్నాను. నాకు కాగితం గులాబీలు చెయ్యడం నేర్పు.

గుమ్మానికి, గేటు కమానుకు, గేటు నుంచి గుమ్మం దాకా దారికి రెండు వైపులా కలిపి నలభై బారల తోరణం కావాలి. బారకు పది పూలు. అంటే నాలుగు వందల గులాబీలు. ఇప్పటికి పదకొండు అయ్యాయి, చీదేసి పడేసిన చేతిగుడ్డల్లా ఉన్నాయి.

పెళ్ళికూతురి చెయ్యి తన తోరణానికి తగలకూడదని మన ఊరి పట్టింపు నాకూ తెలుసు. చలికాలం సాయంత్రాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి పూలు చుట్టాలి, పెళ్ళికూతురు వాళ్ళకు తినడానికి పెడుతూ తిరగాలి. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆరో తారీకు సాయంత్రం అక్రోటు రొట్టె కాల్చి, ద్రాక్షసారా వెచ్చబెట్టి, అమ్మ కత్తెరలన్నీ బల్ల మీద వరుసగా పెట్టి కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. నేజా అత్తకు నడుం నొప్పట. పోస్టుమేన్ భార్యకు దగ్గట. మిగిలినవాళ్ళు ఏ రోగమూ చెప్పలేదు. ఆ రొట్టె మొత్తం నేనొక్కదాన్నే మూడు రోజులు తిన్నాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, తన పెళ్ళి తనే చేసుకుని చూడమని ఎవరూ అనలేదు. అది నా వంతుకు వచ్చింది. ఆయన మన ఇంటికే ఇల్లరికం వస్తాడు. అత్తమామలు లేని ఇల్లరికం కదా, అదృష్టవంతుడని నేను ఏడిపిస్తున్నాను. మన బూడిదరంగు పిల్లి కట్టెల గదిలో ఈనింది, నాలుగు పిల్లలు.

రేకులు ఎన్ని పెట్టేదానివి? అంచు ఎలా తిప్పేదానివి? ఎన్ని రకాలుగా తిప్పినా నాకు నీ గులాబీ రావడం లేదు. పక్కన కూర్చుని చూశాను కదా, చూస్తే చాలు వచ్చేస్తుందనుకున్నాను.

నీ
వేఫ్కా


మఠం, సెలా
1974 ఫిబ్రవరి 3

ఒసేయ్ వేఫ్కా,

నాలుగు పేజీలు రాశావు. పిల్లి ఈనిన సంగతి రాశావు, దానికెన్ని పిల్లలో కూడా రాశావు. పెళ్ళికొడుకు పేరు మాత్రం రాయలేదు. 'ఆయన' అట, ఆయన! పేరు చెబితే ఆయుష్షు తరుగుతుందా? ఉత్తరం ఇస్తూ మదర్ గారు కూడా, "ఇంతకీ అబ్బాయి ఎవరమ్మా?" అని అడిగారు. నాకు తలవంపులుగా ఉంది. నా చెల్లెలి మొగుడెవరో నాకే తెలియదని చెప్పాను.

సరే, గులాబీ విను. పువ్వుకు ఏడు రేకులు. లోపల మూడు చిన్నవి, బయట నాలుగు పెద్దవి. క్రేపు కాగితాన్ని అడ్డంగా కాదు, నిలువుగా కత్తిరించు. నువ్వు అడ్డంగా కత్తిరిస్తున్నావు, నాకు తెలుసు, చిన్నప్పుడూ అంతే. రేకు మధ్యలో రెండు బొటనవేళ్ళూ పెట్టి మెల్లగా సాగదీస్తే దొన్నెలా గుంట పడుతుంది. అంచును స్వెటర్ అల్లే సూది మీద చుట్టి సూది లాగెయ్యి. కాడకు తీగ చుట్టి, పువ్వును తలకిందులుగా మైనంలో ముంచు. వేలు పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి చాలు, ఎక్కువైతే రేకులు వాలిపోతాయి. తెల్లవాటికి ఒక్క మునక. ఎర్రవి రెండుసార్లు ముంచాలి. మరిచిపోకు.

ఇక్కడ మేం చర్చిల్లో ప్రసాదంగా పంచే పలుచటి పూజ అప్పాలు కాలుస్తాం. పదకొండేళ్ళుగా నా చేతులకు పిండి తప్ప మరొకటి అంటలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు జపమాల పట్టుకుని కూర్చుంటే నా బొటనవేలు దానంతటదే కాగితం అంచు తిప్పినట్టు తిరుగుతోంది. పక్కనున్న సిస్టర్ చూసి నాకు వేలు నొప్పేమో అనుకుంది.

నువ్వు ఎక్కడ కూర్చుని చేస్తున్నావు? పొయ్యి పక్క బల్ల మీదా, కిటికీ దగ్గరా? కిటికీ దగ్గరైతే నేజా అత్తవాళ్ళ పొగగొట్టం కనిపించాలి. ఆ పొగ ఇంకా పడమటి వైపే వంగుతుందా? నాకు ఇలాంటివి ఎవరూ రాయరు. అందరూ ఆరోగ్యం బాగుందా అని అడిగి ప్రార్థించమంటారు. నువ్వు మాత్రం పొగ గురించి రాయి, పిల్లిపిల్లల రంగులు రాయి.

ఇంకొక్క మాట. నేజా అత్త కాలు విరిగినా తోరణం పనికి కుంటుకుంటూ వచ్చే మనిషి. నడుం నొప్పంటే నేను నమ్మను. అసలు సంగతేమిటి? పేరుతో సహా రాయి.

నీ
తిల్కా


లెస్కోవా గుట్ట,
1974 ఫిబ్రవరి 24, ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం నీకు మంగళవారం అందుతుంది. బుధవారం విభూతి పెట్టుకుని ఉపవాసకాలం మొదలుపెట్టారంటే ఈస్టర్ దాకా మీరు ఎవరికీ ఉత్తరాలు రాయకూడదు. ఆ లెక్క చూసుకునే పోస్టు చేస్తున్నాను. నలభై రోజులు నన్ను తిట్టడానికి నీకు వీలుండదు. నేను పిరికిదాన్నని నాకు తెలుసు.

ఆయన లోవ్రో.

అవును, మన లోవ్రోయే. నీ లోవ్రో.

పదకొండేళ్ళ కిందట నువ్వు గురువారం తోరణం చూశావు. శుక్రవారం తెల్లవారేసరికి మఠానికి వెళ్ళిపోయావు. శనివారం మీ పెళ్ళి జరగాల్సింది. ఆ తర్వాత ఇక్కడ ఏం జరిగిందో నీకు ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. తోరణం గుమ్మానికి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరు దించాలో ఎవరికీ తెలియలేదు. అమ్మ వంటింటి తలుపు నుంచే తిరిగేది. ఊళ్ళోవాళ్ళు చర్చికి పోతూ దానికేసి చూడకుండా మెడ అవతలికి తిప్పుకునేవారు. దేవదారు ఆకులు ఎర్రబడి రాలడం మొదలుపెట్టాయి, కాగితం పూలు మాత్రం చెక్కు చెదరలేదు. నెల దాటాక ఒకరోజు నేను నిచ్చెన వేశాను. నాకు పదహారేళ్ళు. లోవ్రో ద్రాక్షతోటకు పోతూ రోడ్డు మీద నుంచి చూశాడు. వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. నేను పైన ఏడుస్తున్నాను, ఆయన కింద నేల చూస్తున్నాడు. అంతా దించాక టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నీ మీద ఒట్టు, ఆ రోజు నేను ఆయన ముఖం కూడా చూడలేదు. పదేళ్ళు దారిలో కనబడితే తలూపుకునేవాళ్ళం. అమ్మ శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకడు. నిరుడు ద్రాక్ష కోతలప్పుడు మన వరసలన్నీ కోసిపెట్టి, చేతులు కడుక్కుంటూ అన్నాడు: "వేఫ్కా, నన్ను చేసుకుంటే నీకు ఊరితో పేచీ. చేసుకోకపోతే నాకు నాతో పేచీ. చూసుకో మరి." పెళ్ళి చేసుకుంటావా అని అడగడం కూడా రాదు ఆ మనిషికి.

పేచీ ఏమిటో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నేజా అత్త గేటు దగ్గర నిలబడి ముఖం మీదే అడిగింది: "అక్క తోరణం దించిన చెయ్యి ఇంకో తోరణం కట్టుకోవడమేమిటే? అప్పుడే కన్నేశావన్నమాట. పాపం ఆ పిల్ల అది చూసే మఠంలో పడి ఉంటుంది." ఇప్పుడు ఊరంతా అదే మాట.

నువ్వు ఎందుకు వెళ్ళావో నాకు తెలియదు. నా వల్ల కాదనే అనుకుంటున్నాను. కానీ ఆ మాట నీ నోటితో రావాలి. నువ్వు వద్దంటే ఈ పెళ్ళి మానేస్తాను. లోవ్రోకు కూడా చెప్పాను. ఈస్టర్ దాకా చూస్తాను.

పొగ పడమటికే వంగుతోంది. పిల్లిపిల్లలు రెండు బూడిదరంగు, ఒకటి నలుపు, ఒకటి చారలది. కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను.

వేఫ్కా


లెస్కోవా గుట్ట,
1974 మార్చి 22

అక్కా,

ఇది నీకు ఈస్టర్ దాకా ఇవ్వరని తెలుసు. అయినా రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడటానికి గోడలు తప్ప ఎవరూ లేరు.

రెండు వందల ముప్పై అయ్యాయి. నువ్వు చెప్పినట్టు నిలువుగా కత్తిరిస్తే గులాబీ వచ్చింది, నిజంగా గులాబీయే! ఆ సంతోషంలో తొందరపడ్డాను. ఒక బార తోరణం గేటుకు కట్టి చూద్దామనుకున్నాను. ఎర్రవి ఒక్కసారే ముంచి కట్టేశాను. మర్నాడు వాన. కొత్తగా సున్నం వేసిన గేటు స్తంభం మీద పై నుంచి కింద దాకా ఎర్రటి చారలు. నేజా అత్త ఆ వానలోనే గొడుగేసుకుని వచ్చి చూసింది.

"చూశావా, స్తంభం కూడా ఏడుస్తోంది."

"స్తంభం కాదత్తా, కాగితం రంగు కారింది."

"కారుతుంది మరి. ఎవరి రంగైనా ఎన్నాళ్ళు దాగుతుంది?"

సున్నం కలుపుకుని మూడు సార్లు పూశాను. తడి స్తంభం మీద ఇంకా గులాబీరంగు కనబడుతూనే ఉంది.

లోవ్రో ద్రాక్షతీగలు కట్టడం ముగించుకుని సాయంత్రాలు వస్తున్నాడు. సాయం చేస్తానని కూర్చున్నాడు. ఆ వేళ్ళు చూశావుగా, పీపాలు బిగించే వేళ్ళు. ఆయన చేసింది చూసి, "ఇది గులాబీయా, క్యాబేజీయా?" అన్నాను.

"క్యాబేజీయే. కడుపన్నా నిండుతుంది."

"తోరణంలో క్యాబేజీ పెడితే నవ్వుతారు."

"ఏడ్చే బదులు నవ్వనీ."

కత్తెర పక్కన పెట్టి, "తిల్కా వద్దంటే?" అని అడిగాను. ఆయన తీగ చుడుతూనే ఉన్నాడు. "అడిగింది నువ్వు. జవాబు వచ్చేదాకా చుట్టు," అన్నాడు. ఆయనకు బాధ లేదనుకోకు. ఆ పువ్వు కాడకు కావాల్సినదానికి మూడింతల తీగ చుట్టేశాడు.

జరుగుతుందో లేదో తెలియని పెళ్ళికి పూలు చెయ్యడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఒక్కోసారి కాగితం సాగదీస్తూ తలెత్తి, "ఇంకొంచెం లాగనా?" అని పైకే అడిగేస్తున్నాను. నిన్నే అడుగుతున్నాను. నువ్వు బల్లకు ఆ చివర కూర్చునేదానివి కదా. నాకు లోవ్రో కావాలి, అది అబద్ధం చెప్పను. కానీ నువ్వు ఒక్క సాయంత్రం వచ్చి ఆ చివర కూర్చుంటే నాకు ఈ నలభై బారలూ అక్కర్లేదు.

వేఫ్కా


మఠం, సెలా
1974 ఏప్రిల్ 15, ఈస్టర్ సోమవారం

వేఫ్కా,

ప్రభువు లేచాడు. నీ ఫిబ్రవరి ఉత్తరం విభూతి బుధవారానికి ముందురోజే నా చేతికొచ్చింది. లెక్క బాగానే చూసుకున్నావు. మార్చిది ఇవాళ పొద్దున ఇచ్చారు. ఈ నలభై రోజులూ నీకు ఎన్ని జవాబులు రాశానో! అన్నీ మనసులోనే. అవన్నీ పంపగలిగితే నువ్వు కొన్ని చదివి పొయ్యిలో పెట్టేదానివి.

నాకు కోపం వచ్చింది. మఠంలో ఉన్నదానికి రాకూడదు, వచ్చింది. పది రోజులు అప్పాల పెనం మీద చెయ్యి కాల్చుకుంటూనే ఉన్నాను. కోపం లోవ్రోను చేసుకుంటున్నందుకు కాదని త్వరగానే తెలిసింది. అతన్ని నేను వదులుకున్నాను. వదిలేసిన దాని మీద కోపమేమిటి? తోరణం దించేశారని కోపం. వేఫ్కా, పదకొండేళ్ళుగా నా మనసులో అది ఆ గుమ్మానికే ఉంది. ఎండిపోయి, రాలిపోయి, ఎవరూ తాకకుండా ఉంది. నా కోసం అలా ఉండిపోయిందనుకుని లోలోపల సంతోషపడేదాన్నని ఇప్పుడు తెలిసింది. దేవుడి కోసం వెళ్ళినదానికి వెనకాల ఒకరు ఏడుస్తూ ఉండాలని ఆశ! సిగ్గేసింది. మదర్ గారితో ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వి, "తోరణం కింద నడిచే జనం ఉన్నారు కదమ్మా, దాన్ని ఎవరో ఒకరు దించాలి," అన్నారు.

నేను నీ వల్ల వెళ్ళలేదు. నువ్వు అతన్ని కన్నెత్తి చూడలేదు, నాకు తెలుసు, అప్పుడు నీ ధ్యాసంతా కుందేళ్ళ మీద ఉండేది. పంతొమ్మిదో ఏటి నుంచే నాకు ఇక్కడికి రావాలని ఉంది. చెప్పే ధైర్యం లేక పెళ్ళికి తలూపాను. ఆ గురువారం ఆడవాళ్ళందరూ కలిసి తోరణం ఎత్తి మేకులు కొట్టారు. ఎంత బాగుందో! దాని కింద నుంచి ఒక్కసారి నడిస్తే ఇక నాకు వేరే దారి ఉండదని అప్పుడు తెలిసింది. లోవ్రోకు ఒక్క ముక్క కూడా రాయలేదు. అది నేను చేసిన తప్పు. అతనికి క్షమాపణ వేరే కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను, నువ్వు చదవకుండా ఇవ్వు. మదర్ గారు కూడా చదవలేదు. తిప్పి ఇచ్చేశారు.

నాకిక్కడ బాగుంది. మళ్ళీ ఎంచుకోమన్నా ఇక్కడికే వస్తాను. అయినా బంగాళాదుంపలు తవ్వుతూ రోడ్డు మీద ఎవరైనా ఈల వేసుకుంటూ పోతే తల అటు తిరుగుతుంది. ఇల్లు గుర్తొస్తుంది. నీ ఉత్తరంలో 'బల్లకు ఆ చివర' అన్న చోట ఆగిపోయాను, అక్కడి నుంచి ముందుకు చదవడానికి చాలాసేపు పట్టింది.

చేసుకో. విన్నావా? లోవ్రోను చేసుకో. వద్దనే హక్కు నాకు లేదు, వద్దనాలనీ లేదు. నేజా అత్తకూ ఇవాళే విడిగా ఉత్తరం వేస్తున్నాను. అందులో ఏముందో ఆవిడే చెబుతుంది, కడుపులో మాట దాచుకునే మనిషి కాదుగా.

ఎర్రవి రెండుసార్లు ముంచమన్నానా లేదా? చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు.

నీ
తిల్కా


లెస్కోవా గుట్ట,
1974 మే 21

అక్కా,

పెళ్ళి అయింది. వాన పడలేదు. పడినా ఏమీ కాదు, అన్నీ రెండుసార్లు ముంచాను, తెల్లవి కూడా.

శుక్రవారం సంగతి నీకు వివరంగా రాయాలి. లోవ్రో బుధవారం అడవి నుంచి దేవదారు కొమ్మలు తెచ్చాడు. రెండు రోజులు కూర్చుని తాడుకు కట్టుకుంటూ వెళ్ళాను. గురువారం సాయంత్రానికి వేళ్ళకు జిగురంటి, కత్తెర పట్టుకుంటే వదిలేది కాదు. నాలుగు వందల పన్నెండు గులాబీలు, అందులో లోవ్రో క్యాబేజీలు తొమ్మిది. అవి గుమ్మానికి వెనక వైపు పెట్టాను. శుక్రవారం పొద్దున్నే నిచ్చెన వేసి ఎక్కాను. ఆయన కింద పట్టుకున్నాడు. తోరణం బరువు నువ్వు ఎప్పుడైనా ఒక్కదానివే ఎత్తావా? ఒక కొస మేకుకు తగిలిస్తే రెండో కొస జారుతుంది. మూడుసార్లు జారింది. నాలుగోసారి మేకు కొడుతుంటే గేటు దగ్గర నుంచి గొంతు వినబడింది.

"ఆ ఎడమ పక్క చూడు, తాగినోడి టోపీలా వేలాడుతోంది."

నేజా అత్త! సొంత సుత్తి పట్టుకుని వచ్చింది.

"దిగు కిందికి. పెళ్ళికూతురి చెయ్యి తగలకూడదంటే వినవేమే?"

"జనవరి నుంచీ తగులుతూనే ఉందత్తా."

"ఇప్పటికైనా దిగు. లోవ్రో, నువ్వు అవతలికి పో, పెళ్ళికొడుకువి నీకిక్కడేం పని?"

అరవై నాలుగేళ్ళ మనిషి నిచ్చెనెక్కింది. నేను కింద పట్టుకుని, "నడుం నొప్పి తగ్గిందా అత్తా?" అన్నాను.

"నోట్లో మేకులున్నాయి, మాట్లాడించకు."

మేకులన్నీ కొట్టాక దిగి, ముంగురులు వెనక్కి తోసుకుని, నా ముఖం చూడకుండా చెప్పింది: "మీ అక్క ఉత్తరం రాసిందే. 'నేను వదిలేసి పోయిన పనిని నా చెల్లెలు చేసింది, మీరంతా పెద్దవాళ్ళై ఉండి ఒక పిల్ల చేత చేయించారు' అని రాసింది. నాలుగు వారాల నుంచి ఆ మాట మింగుడు పడటం లేదు నాకు. నిజమే కదే. నెల రోజులు దాని ముందు నుంచే మెడ తిప్పుకుని చర్చికి పోయాం. ఒక్కరమూ నిచ్చెన వెయ్యలేదు." ఆ తర్వాత గేటు దగ్గరికి పోయి వీధిలోకి ఒక్క కేక వేసింది. దగ్గు తగ్గని పోస్టుమేన్ భార్యతో సహా ఆరుగురు వచ్చారు. మధ్యాహ్నానికి నలభై బారలూ కట్టడం అయిపోయింది. నేను కాల్చిన జున్ను పొరల రొట్టె అరగంటలో ఖాళీ.

మర్నాడు తోరణం కింద నుంచి నడిచాను. లోవ్రో నీ కాగితం కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఏముందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. దాన్ని చదివిన రోజు మాత్రం ఎగువ తోటలో పొద్దు గుంకేదాకా ఒక్కడే కూర్చున్నాడు.

ఆయన మంచివాడు. ఇల్లంతా మనుషుల చప్పుడుతో ఉంది. ఇక నీకు రాయడానికి దిగులేమీ ఉండకూడదు. కానీ ఉంది. ఈ పదకొండేళ్ళలో ప్రతి ఉత్తరంలోనూ రాయబోయి మానేశాను. ఇప్పుడు రాస్తాను.

మనిద్దరిదీ ఒకే మంచం. ఆ తెల్లవారుజామున నువ్వు నా పక్కనుంచే లేచావు. నన్నెందుకు లేపలేదు? లోవ్రోకు చెప్పకపోవడం అర్థమవుతుంది. అమ్మకు చెప్పకపోవడమూ అర్థమవుతుంది. నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. మూట పట్టుకుని బస్సు దాకా వచ్చేదాన్ని. నేను గొడవ చేస్తాననుకున్నావా, లేక అప్పుడు నేను గుర్తే రాలేదా? ఏదైనా పర్లేదు. నిజం రాయి.

నీ
వేఫ్కా


మఠం, సెలా
1974 మే 29

వేఫ్కా,

మదర్ గారు నీ ఉత్తరం ఇచ్చి, జవాబు ఇవాళే రాసుకోమన్నారు. అప్పాల పనికి వేరే సిస్టర్‌ను పంపారు.

నిన్ను లేపితే నేను వెళ్ళగలిగేదాన్ని కాదు.

నీ కాలు నా మీద వేసి పడుకున్నావు. దాన్ని ఎత్తి పక్కన పెట్టడానికి నాకు చర్చి మొదటి గంట నుంచి రెండో గంట దాకా పట్టింది.

నీ
తిల్కా